ఫోన్ రాని పనులు: కొత్త హెచ్‌ఎం రోజులో మన పిల్లల వాటా ఎంత?

బడిలో దళిత పిల్లల మీద వివక్ష అనగానే మనకు గుర్తొచ్చేవి వార్తల్లోకి ఎక్కిన ఘటనలే. మరుగుదొడ్డి కడిగించారు, అన్నం వేరుగా పెట్టారు, కులం పేరెత్తి తిట్టారు. అలాంటివి జరిగినప్పుడు సంఘాలు కదులుతాయి, ధర్నాలు జరుగుతాయి, కేసులు పడతాయి. కదలాల్సిందే. కానీ ఏడాదిలో రెండు వందల పైచిలుకు రోజులు నడిచే బడిలో ఎవరూ ఎవరినీ తిట్టకుండానే, ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండానే మన పిల్లలకు రావాల్సినవి రాకుండా పోతుంటాయి. అవి ఎటు పోతున్నాయో తెలియాలంటే ప్రధానోపాధ్యాయుల గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి.

మేము అలా కూర్చున్నాం. పరిశోధన పని మీద తెలంగాణ పల్లెల్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా రోజులు గడిపాం. అక్కడ చూసినవాటిని కలిపి, కొత్తగా పదోన్నతి మీద వచ్చిన ఒక దళిత మహిళా హెచ్‌ఎం గడిపిన ఒక నవంబర్ రోజుగా ఇక్కడ చెబుతున్నాం. ఎవరి గుర్తులూ బయటపడకూడదు కాబట్టి ఊరు పేరు, బడి పేరు రాయడం లేదు. ఇది ఒక్క మనిషి కథ కాదు, ఒక్క రోజు కథా కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా రోజు దాదాపు ఇలాగే నడుస్తుంది.

కుర్చీ దాకా వచ్చిన దారి

ముందు ఆ కుర్చీ ఏమిటో చెప్పుకోవాలి. ఉన్నత పాఠశాల హెచ్‌ఎం గెజిటెడ్ అధికారి. స్కూల్ అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు పదోన్నతి మీద ఇక్కడికి వస్తారు. బడి నడపడంతో పని అయిపోదు. ఉపాధ్యాయుల జీతాల బిల్లులు చేసి ట్రెజరీకి పంపాల్సింది హెచ్‌ఎమ్మే. చుట్టుపక్కల ప్రాథమిక బడులకు కాంప్లెక్స్ హెచ్‌ఎం కూడా తరచూ ఈమే. తెలంగాణలో చాలా మండలాల్లో ఎంఈఓ బాధ్యతను కూడా హైస్కూలు హెచ్‌ఎంలకే అదనంగా అప్పగించారు. నిన్నటిదాకా తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పిన మనిషి చేతికి ఇవాళ బిల్లులు, రిజిస్టర్లు, పాస్‌వర్డులు, తాళాలు ఒకేసారి వచ్చి పడతాయి. వీటికి తగిన శిక్షణ ఉండదు. పాత హెచ్‌ఎం అప్పగించిన బీరువా తాళం చెవులే శిక్షణ.

ఈ కుర్చీలో దళిత మహిళ కూర్చోవడం వెనక పెద్ద పోరాటమే ఉంది. 1848లో పుణేలో సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లల బడికి నడిచి వెళ్తుంటే దారిలో పేడ, బురద విసిరారు. తెలంగాణ ప్రభుత్వం ఆమె పుట్టినరోజు జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా 2025లో ప్రకటించింది. పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఇచ్చే వీలును కాపాడుతూ 1995లో 77వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 16(4ఏ) వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ రోస్టర్ 2003లో అమలులోకి వచ్చింది.

అంత పోరాటం తర్వాత దక్కిన కుర్చీకి స్టాఫ్ రూములో వినిపించే మాట ఇది: "మేడమ్‌ది అదృష్టం, రోస్టర్ కలిసొచ్చింది." ఇరవై ఏళ్ల సర్వీసు ఆ ఒక్క మాటలో మాయమైపోతుంది. ఈ మాటకు ఒక ఫలితం ఉంది. మిగతా హెచ్‌ఎంలు ఒక నివేదిక రోజు ఆలస్యం చేస్తే పని ఒత్తిడి అంటారు. ఈమె ఆలస్యం చేస్తే "చేతకాదు" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే పైనుంచి అడిగిన ఏ పనినీ ఆమె ఆలస్యం కానివ్వదు. అలా కానివ్వకపోవడంలో రోజులో ఏ పనులు వెనక్కి పోతాయన్నదే ఈ వ్యాసం.

తొమ్మిది గంటలు: హాజరు, సర్దుబాటు, చీపురు

ఆమె ఎనిమిదిన్నరకే బడిలో ఉంటుంది. ప్రేయర్ అయ్యేలోపు ఉపాధ్యాయుల ముఖ గుర్తింపు హాజరు పడాలి. సిగ్నల్ లేకపోతే ఫోను పైకెత్తి గేటు దగ్గరికో, మేడ మీదికో వెళ్లాలి. తర్వాత తరగతుల వారీగా పిల్లల హాజరు. ఆ లెక్క మీదనే మధ్యాహ్న భోజనం లెక్క నడుస్తుంది. ఇద్దరు టీచర్లు సెలవు. ఒకరు శిక్షణకు వెళ్లారు. సర్దుబాటు పిరియడ్ల కాగితం రాస్తుంటే వాట్సాప్‌లో మొదటి సందేశం వచ్చింది: పదిన్నరలోపు ఫలానా వివరాలు ఫలానా నమూనాలో పంపాలి.

ఇదంతా జరుగుతుండగా వరండాలో ఇద్దరు పిల్లలు చీపుర్లు పట్టుకుని కనిపించారు. ఎవరు పంపారని అడిగితే, "రోజూ మేమే ఊడుస్తం మేడమ్" అన్నారు. ఎందుకు మీరే అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లను క్లాసుకు పంపేసి ఆమె అటెండర్‌ను పిలిచింది. పాత అలవాటు, ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లలే తీస్తారు అన్నాడతను.

పిల్లలందరూ వంతులవారీగా తమ తరగతి గది ఊడ్చుకోవడంలో తప్పు లేదు. కానీ చీపురు ఎప్పుడూ ఒకే వాడ పిల్లల చేతిలో ఉంటే దాన్ని శుభ్రత పాఠం అనలేం. విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. సెక్షన్ 8 బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష జరగకుండా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. బడి శుభ్రతకు డబ్బు కూడా ఉంది. సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి రూ. 50 వేలు, 251 నుంచి వెయ్యి మంది ఉంటే రూ. 75 వేలు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలి. కానీ ఆ గ్రాంటులోంచే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, ప్రయోగశాల సామాను, చిన్నచిన్న మరమ్మతులు వెళ్లాలి. మిగిలే సొమ్ముతో ఏడాది పొడుగునా మనిషిని పెట్టుకోవడం కష్టం. ఆ లోటును ఎవరి పిల్లల చేతులు పూడుస్తున్నాయో ఎవరూ రాసుకోరు. బడి గురించి నింపే నమూనాల్లో మరుగుదొడ్లు ఎన్ని, వాడుకలో ఎన్ని అని గళ్లున్నాయి. కడిగేది ఎవరన్న గడి లేదు.

ఆమె ఒక కాగితం తీసి తరగతుల వారీ వంతుల పట్టిక గీయడం మొదలుపెట్టింది. మూడో గడిలో ఉండగా ఫోన్ మోగింది. పట్టిక ఆ రోజుకు అక్కడే ఆగింది.

పది నుంచి పన్నెండున్నర: పైనుంచి వచ్చే ఫోన్లు

హెచ్‌ఎం పనుల్లో రెండు రకాలున్నాయని మాకు ఇక్కడే అర్థమైంది. ఫోన్ వచ్చే పనులు ఒక రకం. ఫోన్ రాని పనులు ఇంకో రకం.

యూడైస్‌లో ఒక్కో విద్యార్థి వివరాలు, ఆధార్‌తో పేర్లు సరిపోల్చడం, అపార్ నంబర్లు, పాఠ్యపుస్తకాల లెక్క, యూనిఫాం లెక్క, భోజనం లెక్క, పదో తరగతి ప్రత్యేక తరగతుల నివేదిక, జీతాల బిల్లు. వీటిలో ఏది ఆగినా ఆ పూటే ఫోన్ వస్తుంది. మండలంలో ఎవరు ఎంత శాతం పూర్తి చేశారో పట్టిక కట్టి గ్రూపులో పెడతారు. చివరి వరుసలో ఉన్న బడి పేరు ఎర్ర రంగులో ఉంటుంది. మేము వెళ్లిన బడులు చాలావాటిలో గుమస్తా పోస్టు ఖాళీ. కంప్యూటర్ తెలిసిన ఒక టీచర్ తన పిరియడ్ వదిలేసి డేటా ఎక్కిస్తారు. అంటే ఎనిమిదో తరగతి గణితం పోయి, ఎనిమిదో తరగతి పిల్లల లెక్క పూర్తవుతుంది.

విద్యా హక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం పదేళ్ల జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదు. బడి లోపలే పుట్టుకొచ్చిన ఈ డేటా పని మాత్రం "విద్యకు సంబంధించిందే" అన్న పేరుతో ఆ సెక్షన్‌కు అందకుండా తప్పించుకుంటుంది. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కుల సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లను పంపినప్పుడు ఆ బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. కుల లెక్కలు కావాలని అడిగింది మనమే, అవి కావాల్సినవే. కానీ ఆ లెక్క కోసం సగం రోజు చదువు పోగొట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ లెక్క ఎవరి కోసమో వాళ్ల పిల్లలే. ప్రైవేటు బడిలో ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకు ఒక్క పిరియడ్ కూడా పోలేదు.

పదకొండున్నరకు ఒక ముసలామె గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో మనవడి ఆధార్, ఒక మడతపెట్టిన కాగితం.

"బిడ్డా, పొద్దుగాల సంది తిరుగుతున్నం. మీసేవల బోనఫైడు తెమ్మన్నరు. జర సంతకం పెట్టు."

హెచ్‌ఎం ఆమెను లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. రెండోసారి చెప్పినా గోడకు ఆనుకునే నిలబడింది. ఈ గదిలో ఇదివరకు తనకు ఎవరూ కుర్చీ చూపించలేదు కాబోలు. సంతకానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసం ఆమె ఒక పూట కూలి వదులుకుని వచ్చింది.

ఒంటిగంట: వరుస, గరిటె, గుడ్డు

భోజనం బెల్లు కొట్టగానే హెచ్‌ఎం ముందు రుచి చూడాలి, తర్వాత లెక్క పంపాలి. ఈ రెండింటి మధ్య పళ్లాలతో కూర్చున్న పిల్లల వరుసలు చూడ్డానికి దొరికే సమయం ఐదు నిమిషాలు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు టిఫిన్ డబ్బా తెచ్చుకుని బడి అన్నం ముట్టడం లేదు, గరిటె పళ్లేనికి ఎంత ఎత్తు నుంచి వంగుతోంది, ఎవరికి గుడ్డు చివర్లో వస్తోంది. ఇవన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే కనిపిస్తాయి.

బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. వంటవాళ్ల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మరో ఆదేశం ఇచ్చింది. ఆకలి తీర్చడంతో పాటు ఎవరి చేతి వంట ఎవరు తింటారన్న పాత కట్టును బడి నుంచే తెంచాలన్న ఆలోచన ఆ ఆదేశంలో ఉంది. ఆచరణలో వంట పని ఎవరికి దక్కాలో చాలాచోట్ల ఊరి పెద్దలే తేలుస్తారు. మన ఆడవాళ్లకు దక్కినా కొన్నిచోట్ల వాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు, గరిటె ఇంకొకరి చేతిలో ఉంటుంది. రికార్డులో మాత్రం ఇద్దరూ వంట సహాయకులే.

వంటామెకు కేంద్రం లెక్క ప్రకారం గౌరవ వేతనం నెలకు రూ. 1,000, అదీ ఏడాదిలో పది నెలలే. రాష్ట్రాలు దానికి కొంత కలుపుతాయి. ఆ డబ్బు కూడా నెలనెలా రాదు. కూరగాయలు, గుడ్లు, నూనె ముందు అప్పు తెచ్చి కొనాలి, బిల్లు తర్వాత ఎప్పుడో వస్తుంది. "దుకాణపాయన ఇక ఉద్దెర ఇయ్యనంటున్నడు మేడమ్" అని వంటామె అంటే, హెచ్‌ఎం తన జేబులోంచి కొంత ఇచ్చి పంపింది. ఇది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. కేంద్రం తొమ్మిది, పది తరగతుల భోజనానికి డబ్బివ్వదు. తెలుగు రాష్ట్రాలు తమ ఖజానా నుంచి ఆ పిల్లలకు పెడుతున్నాయి. ఇది మంచి నిర్ణయం. కాకపోతే రెండు ఖాతాలు, రెండు బిల్లులు అవుతాయి.

ఆ రోజు ఎనిమిదో తరగతి వరుసలో ఒక కొసన నలుగురు పిల్లలు కాస్త ఎడంగా కూర్చున్నారు. హెచ్‌ఎం ఏమీ అనలేదు. తన పళ్లెం తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చుంది. రెండు నిమిషాల్లో ఇంకో ముగ్గురు టీచర్లు కూడా కింద కూర్చోక తప్పలేదు. ఉపన్యాసం కంటే ఆ పళ్లెం బాగా పనిచేసింది. కానీ రోజూ ఆ ఇరవై నిమిషాలు ఆమెకు దొరుకుతాయా? మరుసటి రోజు ఒంటిగంటకు ఆమె మండల కేంద్రంలో సమావేశంలో ఉంది.

రెండున్నర: రిజిస్టరులో ఒక గడి

నవంబర్ అంటే పదో తరగతి నామినల్ రోల్స్ కాలం. పిల్లల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు. ఇక్కడ పడిన అక్షరం జీవితాంతం వెంట వస్తుంది. ఈ వివరాలకు ఆధారం అడ్మిషన్ రిజిస్టరు. ఆ రిజిస్టరు ఎప్పుడో ఒకటో తరగతిలో చేరిన రోజున, చదువు రాని అమ్మ చెప్పిన మాట విని, తొందరలో ఉన్న ఒక టీచర్ రాసింది.

అందులో మనం తప్పక చూడాల్సిన గడి మతం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవారికే మొదట ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఇప్పటికీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. అమ్మ ఆదివారం చర్చికి వెళ్తుందని తెలిసిన టీచర్ ఆ గడిలో తనకు తోచింది రాసేస్తే, ఆ పిల్లవాడి స్కాలర్‌షిప్, హాస్టల్, రేపటి ఉద్యోగ రిజర్వేషన్ అన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు ఏం చెప్పారో, ఎలా నమోదు చేయించుకోవాలనుకున్నారో అడిగి రాయడం టీచర్ బాధ్యత. ఊహించి రాసే హక్కు ఎవరికీ లేదు. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న పోరాటం వేరే ఉంది, సాగుతూనే ఉంది. అది తేలేలోపు పిల్లలు మాత్రం తొందరపాటు రాతకు బలి కాకూడదు.

పరీక్ష ఫీజు సంగతి ఇంకో తమాషా. పదో తరగతి రెగ్యులర్ విద్యార్థికి ఫీజు రూ. 125. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు మినహాయింపు ఉందని ప్రకటనలో ఉంటుంది. అయితే కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో రూ. 20,000, పట్టణాల్లో రూ. 24,000 మించకూడదు. అంటే పల్లెలో ఇల్లంతా కలిసి రోజుకు రూ. 55 లోపు సంపాదించాలి. రోజూ కూలి పనికి వెళ్లే కుటుంబం కూడా ఆ గీత దాటిపోతుంది. తహసీల్దారు అంత తక్కువ ఆదాయానికి సర్టిఫికెట్ ఇవ్వడు, పిల్లలు తెచ్చుకోలేరు. మినహాయింపు కాగితం మీద బతికే ఉంది, పిల్లలు మాత్రం ఫీజు కడతారు. లేదా హెచ్‌ఎం కడుతుంది.

మూడున్నర: స్కాలర్‌షిప్ ఫైలు

ఇప్పుడు అసలు ఫోన్ రాని పనికి వద్దాం. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు కేంద్ర ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ 2012 నుంచి ఉంది. కుటుంబ ఆదాయం రూ. 2.5 లక్షల లోపు ఉంటే, ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లలకు ఏడాదికి రూ. 3,500, హాస్టల్ పిల్లలకు రూ. 7,000. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఇదే పథకంలో ఇంకో భాగం ఉంది. పాకీ పని, చర్మం ఒలవడం, చెత్త ఏరడం వంటి అపరిశుభ్ర, ప్రమాదకర వృత్తుల్లో ఉన్నవారి పిల్లలకు ఒకటో తరగతి నుంచి పది దాకా ఇస్తారు. దీనికి కులం, మతం, ఆదాయ పరిమితి ఏవీ లేవు. మున్సిపాలిటీకి దగ్గర్లోని బడుల్లో ఈ రెండో భాగం గురించి అడిగితే చాలామంది "అలాంటిది ఒకటుందా?" అని తిరిగి మమ్మల్నే అడిగారు.

దరఖాస్తుకు కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో జతపడిన బ్యాంకు ఖాతా కావాలి. మీసేవకు ఒకసారి, తహసీల్దారు ఆఫీసుకు ఒకసారి, బ్యాంకుకు ఒకసారి తిరగాలి. ఒక్కో తిరుగుడుకు అమ్మదో నాన్నదో ఒక రోజు కూలి పోతుంది. అన్నీ అయ్యాక బడి నుంచి దరఖాస్తు ముందుకు కదలాలి. ఆలస్యమైతే హెచ్‌ఎంకు ఎవరూ గంటగంటకూ ఫోన్ చేయరు. ఏ గ్రూపులోనూ ఎర్ర రంగు పడదు. గడువు పొడిగిస్తారులే అన్న ధీమా ఒకటి. అలా ఆ ఫైలు బల్ల మీద అన్నిటికన్నా అడుగున ఉంటుంది. పిల్లవాడి ఖాతాలో డబ్బు పడకపోతే పోయింది రూ. 3,500 అని మనం అనుకుంటాం. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఇంట్లో ఆ డబ్బు బడి మానకపోవడానికి ఒక సాకు. చదువు వైపు మాట్లాడటానికి అమ్మ చేతిలో ఉండే ఒక్క ఆధారం.

ఆ సాయంత్రం హెచ్‌ఎం ఫైలు తీసి చూస్తే ఒక అమ్మాయి దరఖాస్తు ఆగిపోయి ఉంది. ఆధార్‌లో పేరు ఒక రకంగా, రిజిస్టరులో ఇంకో రకంగా ఉంది. పిలవమంటే, ఆ పిల్ల తొమ్మిది రోజులుగా రావడం లేదని తెలిసింది. హాజరు యాప్ తొమ్మిది రోజులూ తప్పు లేకుండా గైర్హాజరు నమోదు చేసింది. ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.

అయిదు గంటలు: వాడ దాకా

బడి వదిలాక ఆమె ఇంటికి వెళ్లే బస్సు ఎక్కకుండా వాడకు నడిచింది. మేమూ వెళ్లాం. ఊరు మధ్య నుంచి వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు చూస్తున్నారు. హెచ్‌ఎం మండలాఫీసుకు వెళ్తే ఎవరూ పట్టించుకోరు. వాడకు వెళ్తే అది వార్త. "వాళ్ల మనిషి కదా, పోతది" అన్న మాట మర్నాటికి స్టాఫ్ రూముకు చేరుతుంది. ఈ కుర్చీలో కూర్చున్న దళిత మహిళకు ఇది రెండు అంచుల కత్తి. వెళ్తే పక్షపాతం. వెళ్లకపోతే ఆ ఇంటికి బడి తరఫున వెళ్లేవాళ్లు ఇంకెవరూ లేరు.

అమ్మ ఇంకా చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కోలేదు. అమ్మాయి చేతివేళ్ల చివర్లు పత్తికాయ పెంకులు గీసుకుని పగిలి ఉన్నాయి.

"పత్తి ఏరుడు అయిపోంగనే పంపుత మేడమ్. కిలో లెక్కన ఇస్తరు. ఇద్దరం పోతేనే ఇన్ని పైసలు కనవడతయి. అప్పు కట్టాలె కద."

ఇక్కడ హెచ్‌ఎం చేతిలో చట్టం కూడా బలహీనమే. విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి దాకా మాత్రమే వర్తిస్తుంది. తొమ్మిదో తరగతి గుమ్మం దాటగానే ఆ చట్టం చెయ్యి వదిలేస్తుంది. సరిగ్గా పత్తి చేను, పెళ్లి మాట, తమ్ముడి బాధ్యత చెయ్యి పట్టుకునేది ఆ వయసులోనే. హెచ్‌ఎం చట్టం గురించి మాట్లాడలేదు. తనూ చిన్నప్పుడు మిరప తోటలకు వెళ్లానని, తన అమ్మ ఒక్క ఏడాది మాత్రం పంపలేదని, ఆ ఏడాది పదో తరగతి అని చెప్పింది. ఆధార్‌లో పేరు మార్పించడానికి శనివారం తనే వెంట వస్తానంది. అమ్మ ఏ మాటా ఇవ్వలేదు. చాయ్ పెట్టింది.

ఆ అమ్మాయి సోమవారం బడికి వచ్చింది. వారంలో నాలుగు రోజులు వచ్చి రెండు రోజులు చేనుకు వెళ్లింది. పేరు సరిపడ్డాక దరఖాస్తు కదిలింది. గడువు ఆ ఏడు పొడిగించారు కాబట్టి సరిపోయింది.

ఈ తీరిక లేకపోవడానికి కులం ఉందా?

ఉందనే మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

పొద్దున్నుంచి ఆమె చేసిన పనులు మళ్లీ చూడండి. ఫోన్ వచ్చిన ప్రతి పనీ పూర్తయింది. ఆగిపోయినవి, సగంలో వదిలేసినవి, బడి టైము అయ్యాక సొంత సమయంలో చేసినవి ఏవి? చీపురు వంతుల పట్టిక. భోజనం వరుస. రిజిస్టరులో గడి. స్కాలర్‌షిప్ ఫైలు. బడి మానిన అమ్మాయి. ఈ అయిదూ ఎవరికి సంబంధించినవి? ఎవరూ కుట్ర చేయలేదు. ఎవరూ దళిత పిల్లల పని ఆపమని చెప్పలేదు. కానీ వ్యవస్థ దేన్ని గంటగంటకూ కొలుస్తుందో అదే జరుగుతుంది. దేన్ని కొలవదో అది మంచి మనిషి ఓపిక మీద ఆధారపడుతుంది. మన పిల్లల హక్కులన్నీ ఆ రెండో గుంపులో పడి ఉన్నాయి. రేపు ఆ కుర్చీలోకి ఓపిక లేని మనిషి వస్తే అవి కూడా ఉండవు.

అంబేడ్కర్ తన బడి రోజుల గురించి రాసిన విషయం మనందరికీ తెలుసు. ఆయన కుళాయి ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. ఆ కుళాయి ఇవాళ అందరికీ తెరిచే ఉంది. కానీ హక్కు అందాలంటే ఒక మనిషికి తీరిక దొరకాలన్న పద్ధతి మాత్రం ఇంకా పోలేదు.

మనం ఏం చేయొచ్చు?

సంఘాల్లో పనిచేసేవాళ్లకు, విద్యార్థులకు మేము చూసినదాన్ని బట్టి కొన్ని సూచనలు.

1. ఘటన జరిగాకే కాకుండా జూన్‌లోనే బడికి వెళ్లండి. తొమ్మిది, పది తరగతుల్లో ఎస్సీ పిల్లలు ఎందరు, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎందరిది పూర్తయింది అని రెండే అంకెలు అడగండి. ప్రతి నెలా అడగండి. ఫోన్ రాని పనికి ఆ ఫోన్ మీరే కండి.

2. డిగ్రీ, పీజీ చదివే విద్యార్థులు ఊరికి వచ్చినప్పుడు ఒక ఆదివారం వాడలో కూర్చుని పిల్లల ఆధార్, రిజిస్టరు, బ్యాంకు ఖాతా పేర్లు సరిపోలుతున్నాయో చూడండి. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అడ్మిషన్ రిజిస్టరులోని వివరాలు చదివి వినిపించమని అడగండి. పదో తరగతి నామినల్ రోల్ వెళ్లకముందే చూడాలి. వెళ్లాక సరిదిద్దడం పెద్ద తిప్పట.

3. భోజనం వేళకు వెళ్లి పిల్లలతో కూర్చుని తినండి. వండేదెవరు, వడ్డించేదెవరు, బిల్లు ఎన్ని నెలలుగా రాలేదు అని అడగండి. పీఎం పోషణ్ పథకంలో సోషల్ ఆడిట్ తప్పనిసరి. మీ జిల్లాలో జరిగిందా, నివేదిక ఎక్కడుంది అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

4. విద్యా హక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగిన వాటా ఉండాలి. మీ బడి కమిటీలో వాడ అమ్మలు ఎందరున్నారో, వాళ్లకు సమావేశం కబురు అందుతోందో లేక సంతకం మాత్రమే ఇంటికి వచ్చి తీసుకుంటున్నారో చూడండి.

5. చీపురు ఎవరి చేతిలో ఉందో చూడండి. వంతుల పట్టిక గోడ మీద పెట్టమని అడగండి. శుభ్రతకు వచ్చిన గ్రాంటు ఎంత, ఎలా ఖర్చయిందని కమిటీలో అడిగించండి.

6. హెచ్‌ఎంను నిలదీయాల్సిన చోట నిలదీయండి. దళిత హెచ్‌ఎం అయినా సరే. అదే నోటితో ఆ బడికి గుమస్తా పోస్టు, శుభ్రతకు మనిషి, వంట బిల్లు నెలనెలా రావాలని డిమాండ్ చేయండి. మన ఉద్యమ పత్రాల్లో ఈ డిమాండ్లు కనిపించవు. స్కాలర్‌షిప్ ఫైలు బల్ల అడుగు నుంచి పైకి రావాలంటే ఇవి కూడా కులం ప్రశ్నలే అని మనం గుర్తించాలి.

మేము చివరిసారి వెళ్లినప్పుడు హెచ్‌ఎం గదిలో గోడ మీద వంతుల పట్టిక కనిపించింది. అన్ని గళ్లూ నిండి ఉన్నాయి, టీచర్ల పేర్లు కూడా ఉన్నాయి. ఎప్పుడు పూర్తి చేశారని అడిగాం.

"డిసెంబర్‌లో నెట్ రెండు రోజులు రాలేదు. అప్పుడు తీరిక దొరికింది" అంది ఆమె.